‘వాడి తీరే అంత’: వైద్య విద్యార్థుల స్వభావమూ, డిప్రెషనూ

(వైద్య విద్యార్థుల సమావేశంలో ఒక మానసిక వైద్యురాలి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి. వినబడకపోతే ఈ మాటా వినబడదనుకోండి. (నవ్వులు)

స్లైడ్లు తేలేదు. ముందు ఒక అనాటమీ రికార్డు గురించి, అంటే శరీర భాగాల బొమ్మలు వేసే నోట్సు గురించి చెబుతాను. అది మొదటి ఏడాది కుర్రాడిది. ఎవరో పోల్చుకోకుండా కొన్ని వివరాలు మార్చాను, బొమ్మల సంగతి మాత్రం మార్చలేదు. మొదటి పేజీలు చూస్తే ముచ్చటేస్తుంది. ధమని ఎరుపు, సిర నీలం, నరం పసుపు. బ్రేకియల్ ప్లెక్సస్, అంటే చేతికి వెళ్లే నరాల అల్లిక, ఆ ఒక్కదానికే రెండు పేజీలు పట్టాడు. రూట్లు, ట్రంకులు, డివిజన్లు, కార్డులు ఒక్కోటీ ఒక్కో ఛాయలో వేశాడు. పేర్లు రాసే గీతలు కూడా స్కేలు పెట్టి గీశాడు. తొడ భాగానికి వచ్చేసరికి పసుపు పోయింది. ఫిమోరల్ ట్రయాంగిల్‌లో నరమూ నీలమే. ఇంకో నాలుగు పేజీలు తిప్పితే అంతా పెన్సిలు. ఆ తర్వాత ‘పోప్లిటియల్ ఫోసా’ (మోకాలి వెనక గుంట) అని హెడ్డింగు రాసి, కింద రెండు గీతలు గీసి, ఆగిపోయాడు. ఆ తర్వాత అన్నీ తెల్ల కాగితాలే.

ఆ రికార్డు నా దగ్గరికి తెచ్చింది అతని రూమ్మేటు. సంతకాలు పెట్టించుకు రమ్మంటే తీసుకెళ్తూ దారిలో పేజీలు తిప్పాడట. ఎందుకో సంతకాలకి వెళ్లకుండా నా గదికి వచ్చాడు. “వాడు ఎలా ఉంటున్నాడు?” అని అడిగాను. “మామూలుగానే ఉన్నాడు మేడమ్. వాడు మొదట్నుంచీ అంతే, ఎవరితోనూ మాట్లాడడు.” ట్యూటర్ని అడిగితే అదే మాట. పక్క గదివాళ్లదీ అదే. ‘వాడి తీరే అంత.’

వాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. వాడు నిజంగానే మితభాషి. కానీ మాట్లాడకుండా కూర్చుని నరాలకి పసుపు రంగు వేసుకునే మితభాషి వేరు, ఆ రంగు వేయడం మానేసిన మితభాషి వేరు. మౌనం రెండు చోట్లా ఉంది కాబట్టి ఎవరికీ తేడా కనబడలేదు. నేను ఇవాళ చెప్పదలుచుకున్నదంతా ఇదే. మిగతా సమయమంతా దీని చుట్టూనే తిరుగుతాను, విసుగనుకోకండి.

స్వభావం అంటే మన దగ్గర చాలా అర్థాలున్నాయి. గుణం, బుద్ధి, తీరు, నైజం అన్నీ కలిపేస్తాం. మా శాస్త్రంలో టెంపరమెంట్ అనే మాటని కాస్త ఇరుకుగా వాడతాం. పుట్టుకతోనే చాలావరకు వచ్చే భావోద్వేగ ధోరణి అది. ఎంత త్వరగా కదిలిపోతాం, ఎంత సేపటికి సర్దుకుంటాం, కొత్తదాన్ని చూస్తే ముందుకెళ్తామా వెనక్కి తగ్గుతామా, ఇలాంటివి. జెరోమ్ కేగన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నాలుగు నెలల పసిపిల్లల ముందు రంగురంగుల బొమ్మలు ఊపి, రికార్డు చేసిన గొంతులు వినిపించి చూశాడు. ఐదుగురిలో సుమారు ఒకరు కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ ఏడ్చారు. మిగతావాళ్లలో చాలామంది నిమ్మళంగా చూస్తూ ఉండిపోయారు. ఏళ్ల తరబడి గమనిస్తే, ఆ ఏడ్చిన పిల్లల్లో బెరుకు, జాగ్రత్త కాస్త ఎక్కువగా కనబడ్డాయి. అయితే అందులో చాలామంది మరీ పిరికివాళ్లుగా ఏమీ మారలేదు. ఈ రెండో వాక్యాన్ని జనం మర్చిపోతుంటారు.

పాత కథ మీకు తెలిసిందే. ప్రాచీన వైద్యుడు గేలెన్ కాలంలో ఒంట్లో నాలుగు ద్రవాలు, నాలుగు స్వభావాలు అన్నారు. నల్లటి పిత్తం ఎక్కువైతే మెలాంకలీ, అంటే దిగులు అన్నారు. అంటే స్వభావానికీ జబ్బుకీ ఒకటే పేరు పెట్టారన్నమాట. ఆ ముడి ఇప్పటికీ పూర్తిగా విడలేదు. వందేళ్ల కిందట క్రెపెలిన్ అనే జర్మన్ సైకియాట్రిస్టు, మానసిక జబ్బులు రాకముందే మనిషిలో వాటి నీడలాంటి మూల స్థితులు ఉంటాయన్నాడు. ఆ ఆలోచనని మన కాలానికి తెచ్చినవాడు హేగప్ అకిస్కల్ అనే సైకియాట్రిస్టు. ఐదు రకాల స్వభావాలని వర్ణించి, వాటిని కొలవడానికి టెంప్స్-ఎ అనే ప్రశ్నావళి తయారుచేశాడు. డిప్రెసివ్, సైక్లోథైమిక్, హైపర్‌థైమిక్, ఇరిటబుల్, యాంక్షియస్. కాంతి రంగుల్లా అనుకోండి, ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతాయి. ఎవరూ ఒక్క డబ్బాలో ఇమడరు.

వీటిలో చిరాకు స్వభావం, ఆందోళన స్వభావం గురించి పెద్దగా చెప్పను, పేర్లలోనే ఉంది. సైక్లోథైమిక్ అంటే వారం రోజులు ఉరకలు, నాలుగు రోజులు నీరసం. వీళ్ల నోట్సు చూస్తే రెండు యూనిట్లు పుస్తకంలా ఉంటాయి, మూడోది అసలుండదు.

డిప్రెసివ్ స్వభావం దగ్గర కొంచెం ఆగుతాను. వీళ్లు గంభీరంగా ఉంటారు. తప్పు జరిగితే ముందు తమ మీదే వేసుకుంటారు. మాట ఇస్తే తప్పరు. పక్కవాడి బాధ తొందరగా పట్టేస్తారు. రోగి మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకునే విద్యార్థిని చూడండి, చాలాసార్లు ఈ కోవకే చెందుతారు. ఇది జబ్బు కాదు. నన్నడిగితే వైద్య వృత్తికి ఇలాంటివాళ్లు కావాలి. నేనూ ఆ కోవలోదాన్నే కాబట్టి కాస్త పక్షపాతం ఉందనుకోండి. (నవ్వులు)

వీళ్లకి పూర్తిగా ఎదురు కొస హైపర్‌థైమిక్. ఐదారు గంటల నిద్రతో సరిపెట్టుకుంటారు, గలగలా మాట్లాడతారు, ఫెస్టు నడిపేది వాళ్లే, రక్తదాన శిబిరం పెట్టేది వాళ్లే. ఇలాంటివాడు కుంగితే ఎవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలియదు. అందరూ వాడి దగ్గరికి ధైర్యం కోసం వెళ్తారు తప్ప, వాడికి ధైర్యం చెప్పాలని ఎవరికీ తోచదు. అలాంటి అబ్బాయి ఒకడు నా దగ్గరికి వచ్చి మొదటి అరగంట జోకులే చెప్పాడు. లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగి, “మేడమ్, నెలన్నర నుంచి జోకులు కూడా ముందే ఆలోచించుకుని వస్తున్నాను” అన్నాడు. మళ్లీ కూర్చోబెట్టాను.

ఇక అంకెలు. 2016లో జామా అనే వైద్య పత్రికలో ఒక మెటా-అనాలిసిస్, అంటే చాలా అధ్యయనాలని కలిపి చేసిన లెక్క వచ్చింది. 43 దేశాలు, లక్షా ఇరవై వేల మందికి పైగా వైద్య విద్యార్థులు. వాళ్లలో డిప్రెషన్ గానీ, డిప్రెషన్ లక్షణాలు గానీ ఉన్నవాళ్లు 27.2 శాతం. ఆత్మహత్య ఆలోచనలు 11.1 శాతం మందిలో. ఇందులో ఎక్కువ భాగం ప్రశ్నావళుల మీద వచ్చిన లెక్క, డాక్టరు కూర్చుని నిర్ధారించింది కాదు. కాబట్టి నలుగురిలో ఒకరికి జబ్బు అని నేను అనను. కానీ అదే వ్యాసంలో ఇంకో అంకె ఉంది. అలా లక్షణాలు తేలినవాళ్లలో చికిత్సకి వెళ్లింది 15.7 శాతమే. నాకు నిద్ర పట్టనివ్వని అంకె ఇది. మందులు ఉన్న చోట, డాక్టర్లు ఉన్న చోట, డిప్రెషన్ మీద పాఠాలు చెప్పే చోట, ఆరుగురిలో ఒకరు కూడా వెళ్లట్లేదు.

ఇంకొక అధ్యయనం, శ్రీజన్ సేన్ బృందం అమెరికాలో ఇంటర్న్‌ల మీద చేసింది, 2010లో అచ్చయింది. ఇంటర్న్‌షిప్ మొదలవకముందు డిప్రెషన్ ప్రమాణాలకి అందినవాళ్లు 3.9 శాతం. ఇంటర్న్‌షిప్ సమయంలో సగటున 25.7 శాతం. ఆ మనుషులే, కొన్ని నెలల తేడా అంతే. ముందుగానే న్యూరోటిసిజం, అంటే తొందరగా కలతపడే తత్వం, ఎక్కువ ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువ అని తేలింది. అంటే స్వభావానికి పాత్ర ఉంది. కానీ పని గంటలు పెరగడమూ, పొరపాటు చేశానన్న భావనా కూడా లెక్కలోకి వచ్చాయి. న్యూరోటిసిజం ఆ ఏడాదే పుట్టుకురాలేదు కదా. 3.9ని 25.7 చేసింది స్వభావం కాదు, పరిస్థితి. స్వభావం తేల్చేది ఎవరు ముందు తడుస్తారన్నది, ఎవరు ఆలస్యంగా తడుస్తారన్నది. వాన కురిపించేది అది కాదు.

ఇది గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ‘స్వభావం’ అనే మాటని యాజమాన్యాలు చాలా తెలివిగా వాడుకుంటాయి. “ఈ పిల్లలు సున్నితం, తట్టుకోలేరు” అంటే ఇక డ్యూటీ చార్టు మార్చక్కర్లేదు. అలా మార్చినచోట ఏం జరిగిందో తెలుసు. అమెరికాలోని సెయింట్ లూయిస్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో మొదటి రెండేళ్లకి పాస్-ఫెయిల్ పద్ధతి పెట్టారు, తరగతి గంటలు తగ్గించారు, నచ్చిన అంశం చదువుకునే సమయం ఇచ్చారు. తర్వాతి బ్యాచ్‌ల్లో డిప్రెషన్, ఆందోళన లక్షణాలు తగ్గాయి. 2014లో దాన్ని అచ్చువేశారు. పిల్లల స్వభావం మారలేదు, టైంటేబుల్ మారింది.

సరే, మళ్లీ మన దగ్గరికి వద్దాం. మిమ్మల్ని ఈ సీటులో కూర్చోబెట్టిన గుణాలేమిటి? పట్టుదల. తప్పు జరగకూడదన్న భయం. పరీక్ష ముందు మూడుసార్లు సరిచూసుకోవడం. మార్కుల్లో రెండు తగ్గితే ఆ రెండూ ఎక్కడ పోయాయో వెతుక్కోవడం. క్లోనింజర్ అనే సైకియాట్రిస్టు పద్ధతిలో అయితే పెర్సిస్టెన్స్, హార్మ్ అవాయిడెన్స్. ఈ రెండోది, అంటే ముప్పుని తప్పించుకోవాలనే తత్వం, డిప్రెషన్‌తో కలిసి కనబడటం చాలా అధ్యయనాల్లో తేలింది. ఈ గుణాల వల్లే ఇక్కడికొచ్చారు. ఇక్కడికొచ్చాక చూస్తే పక్కవాళ్లకీ అవే గుణాలు. నిన్నటిదాకా తరగతిలో మొదటివాడు, ఇవాళ నూటయాభై మందిలో తొంభై ఏడోవాడు. డిసెక్షన్ టేబుల్ దగ్గర ప్రశ్న అడిగితే జవాబు రాదు. అప్పుడు ఈ మనిషి ఏమనుకుంటాడు? ‘సిలబస్ పెద్దది’ అనుకోడు. ‘నేను పనికిరాను, ఎలాగో పొరపాటున వచ్చేశాను’ అనుకుంటాడు. దీనికి 1978లోనే పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ ఇంపోస్టర్ ఫినామినన్ అని పేరు పెట్టారు. అందరికీ తెలిసిన మాటే, పొడిగించను.

పట్టుదలతో ఇంకో చిక్కుంది. డిప్రెషన్ వచ్చినా చాలాసార్లు మార్కులు పడిపోవు. చివరిదాకా పడిపోవు. మిగతావన్నీ వదిలేసి ఉన్న శక్తినంతా పరీక్షకి ధారపోస్తారు. స్నేహితుల్ని వదిలేస్తారు, స్నానం వాయిదా వేస్తారు, ఇంటి ఫోన్ ఎత్తరు, పరీక్ష మాత్రం రాస్తారు. మేం అధ్యాపకులం చూసేది మార్కుల రిజిస్టరు. అందులో అంతా బాగానే ఉంటుంది.

నా సంగతి చెబుతానన్నాను కదా... చెప్పలేదా? సరే, ఇప్పుడు చెబుతాను. నేను మీలా చదువుకునే రోజులు, సైకియాట్రీ పోస్టింగు, రెండు వారాలు. ఒక రోగి హిస్టరీ తీసుకోమన్నారు. నలభై ఏళ్ల ఆవిడ. కేస్ షీట్ మోకాలి మీద పెట్టుకుని వరసగా అడుగుతున్నాను. నిద్ర ఎలా ఉందమ్మా? “మూడింటికి మెలకువొచ్చేస్తుంది, మళ్లీ పట్టదు.” రాసుకున్నాను. ఇష్టమైన పనులు చేస్తున్నారా? “ఇష్టం అనేదే గుర్తు రావట్లేదు.” రాసుకున్నాను. దేనికైనా మిమ్మల్ని మీరు తప్పు పట్టుకుంటున్నారా? ఆవిడ నన్ను చూసి, “అన్నిటికీ” అంది. నా పెన్ను ఆగిపోయింది. నాలుగు నెలలుగా నేనూ మూడింటికే లేస్తున్నాను. లేచి చదువుతున్నాను కాబట్టి అది క్రమశిక్షణ అనుకున్నాను. ఆ మధ్యాహ్నం ఆవిడ కేసు ప్రెజెంట్ చేసి, బాగా చేశావని మెచ్చుకోలు కూడా తెచ్చుకున్నాను. అయినా వెళ్లి చూపించుకోవడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

ఎందుకు పట్టింది? ధైర్యం చేసి ఒక సీనియర్ దగ్గర నోరు విప్పితే, “నువ్వు మొదట్నుంచీ అతిగా ఆలోచించే రకం కదా” అన్నారు. నిజమే కదా అని వచ్చేశాను. నిజం కాబట్టే నమ్మాను.

మరి ఎలా తెలుసుకోవాలి? డిఎస్‌ఎం-5 అనే మానసిక జబ్బుల నిర్ధారణ పుస్తకం ప్రకారం డిప్రెషన్ అనాలంటే రెండు వారాలకి తగ్గకుండా తొమ్మిది లక్షణాల్లో ఐదు ఉండాలి. వాటిలో దిగులు గానీ, ఆసక్తి చచ్చిపోవడం గానీ ఒకటి తప్పనిసరి. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం మీలో చాలామంది చూసే ఉంటారు. 27కి 10 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వస్తే పట్టించుకోమంటారు. మంచి సాధనమే. కానీ మీ చేతికిస్తే ఏం చేస్తారో నాకు తెలుసు. నిద్ర లేదు, అది ఇంటర్నల్స్ వల్ల. ఆకలి లేదు, అది క్యాంటీన్ వల్ల. అలసట, అది నైట్ డ్యూటీ. ఏకాగ్రత లేదు, అది ఫోన్ వల్ల. తొమ్మిదింటికీ తొమ్మిది కారణాలు రాసి, స్కోరు సున్నాకి తెస్తారు. డిఫరెన్షియల్ డయాగ్నసిస్, అంటే ఒక లక్షణానికి ఉండగల కారణాలన్నీ వెతకడం, నేర్పింది ఇందుకు కాదు. (నవ్వులు)

అంకె కన్నా నేను అడిగే ప్రశ్న ఒకటుంది: మారిందా? పక్కవాడితో పోల్చి కాదు, మీతో మిమ్మల్ని పోల్చుకుని. ఎప్పుడూ గంభీరంగా ఉండే అమ్మాయికి స్కోరు 6 వస్తే అది ఆమె మామూలు రోజు కావచ్చు. గలగలలాడే అబ్బాయికి 8 వస్తే, 10కి చేరలేదు కదా అని వదిలెయ్యకండి, అతని ఎత్తునుంచి చూస్తే అది పెద్ద లోయ. చిరాకు స్వభావం ఉన్నవాడు దిగులుగా కనబడడు, ఇంకా కరుస్తాడు. ఆందోళన స్వభావం ఉన్నవాళ్లలో తిరగబడినట్టు ఉంటుంది, పరీక్ష అంటే గాభరా పడే మనిషి ఉన్నట్టుండి దేనికీ గాభరా పడటం మానేస్తారు. అందరూ “హమ్మయ్య, కుదుటపడింది” అనుకుంటారు. అది కుదుటపడటమా, ఏదీ పట్టనంతగా ఖాళీ అయిపోవడమా అన్నది అడగాలి.

ఇక్కడ నా మాటకి నేనే అడ్డుపడాలి. కొందరికి ‘మారిందా’ అన్న ప్రశ్న పనిచేయదు. “ఎప్పుడు మొదలైంది?” అంటే “ఎప్పుడూ ఇంతే” అంటారు. పదమూడు, పద్నాలుగేళ్ల వయసునుంచి సన్నగా, తెరిపి లేకుండా దిగులు. పెద్దవాళ్లలో రెండేళ్లకి పైగా అలా ఉంటే దానికి పర్సిస్టెంట్ డిప్రెసివ్ డిజార్డర్ అని వేరే పేరుంది, పాతకాలం మాట డిస్‌థైమియా. దీనికీ చికిత్స ఉంది. ఒకమ్మాయి చికిత్స మొదలైన కొన్ని నెలలకి వచ్చి అడిగింది, “మేడమ్, మిగతావాళ్లకి రోజూ పొద్దున్నే ఇలాగే ఉంటుందా?” ఇలాగే అంటే, లేవగానే బరువు లేకుండా. ఇన్నేళ్లపాటు జబ్బుని స్వభావం అనుకుంది ఆ అమ్మాయి. కాబట్టి ‘ఇది నా తీరు’ అని మీకు మీరే తేల్చుకోకండి. తేల్చే పని మాకు వదిలెయ్యండి, మాకు జీతం దానికే ఇస్తారు.

మందుల సంగతి రెండు ముక్కల్లో. ఎస్‌ఎస్‌ఆర్‌ఐలకి (డిప్రెషన్‌కి ఎక్కువగా వాడే మందులు) వారాల సమయం పడుతుంది, మూడో రోజే ‘పనిచేయలేదు’ అని మానకండి. ఇరవై అయిదేళ్ల లోపువాళ్లని మొదటి వారాల్లో దగ్గరగా గమనించాలి. మీ వయసంతా అదే కదా, అందుకే ఫార్మకాలజీ పుస్తకం చూసి సొంతంగా వేసుకోవద్దు. ఫార్మసీ స్నేహితుడు ఉన్నా సరే. ముఖ్యంగా సైక్లోథైమిక్, హైపర్‌థైమిక్ స్వభావం ఉన్నవాళ్లలో లోపల బైపోలార్, అంటే విపరీతమైన ఉత్సాహమూ దిగులూ విడతలుగా వచ్చే జబ్బు, దాగి ఉండొచ్చు. అలాంటివాళ్లకి యాంటీడిప్రెసెంట్ ఒక్కటే ఇస్తే కొన్నిసార్లు మేనియా వైపు, అంటే అదుపులేని ఉత్సాహం వైపు ఎగసిపోతారు. స్వభావం తెలుసుకోవడం వల్ల ఉపయోగం ఇక్కడుంది. మీ మామూలు ఎలా ఉంటుందో, ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందో డాక్టరుకి చెప్పండి, అడగకపోయినా చెప్పండి.

స్నేహితుడి మీద అనుమానం వస్తే సూటిగా అడగండి. “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అన్న మాటే అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు, అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. ‘అవును’ అంటే పక్కనే ఉండండి, ఒంటరిగా వదలకండి, అపాయం తెచ్చేవి దగ్గర్లో లేకుండా చూడండి, మాలో ఎవరినైనా అర్ధరాత్రయినా లేపండి. రహస్యంగా ఉంచుతానని మాట ఇచ్చి ఉంటే ఆ మాట తప్పండి. తర్వాత తిడతాడు, తిట్టనివ్వండి.

ప్రశ్నలేమైనా ఉంటే... చెప్పమ్మా, మైకు అక్కర్లేదు, గట్టిగా అడుగు.

(విద్యార్థిని: మేడమ్, మీ దగ్గరికి వస్తే ఎక్కడైనా రాస్తారా? రేపు పీజీకో, ఉద్యోగానికో వెళ్లినప్పుడు అడ్డం వస్తుందా?)

నిజాయితీగా చెబుతాను. కేస్ షీట్ రాస్తాం, రాయకుండా వైద్యం చేయలేం. అది మా గది దాటదు, నువ్వు ఒప్పుకుంటే తప్ప, లేదా ప్రాణం మీదికి వస్తే తప్ప. నీ ప్రొఫెసర్‌కి చెప్పను, వార్డెన్‌కి చెప్పను. ఇక రేపు ఎవరైనా ఫారంలో ఈ ప్రశ్న అడుగుతారా అంటే, కొన్నిచోట్ల అడుగుతారు. అలా అడగకూడదని వాదించేవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఇంకో సంగతి. 2017లో వరల్డ్ మెడికల్ అసోసియేషన్, డాక్టర్లు చేసే జెనీవా ప్రతిజ్ఞని సవరించి, డాక్టరు తన ఆరోగ్యాన్ని తాను చూసుకోవాలన్న వాక్యం చేర్చింది. 1948 నుంచీ ఉన్న ప్రతిజ్ఞలో ఆ వాక్యం అప్పటిదాకా లేదు. ఇప్పుడు కాన్వొకేషన్‌లో దాన్ని చదివించేవాళ్లు, ఫారంలో ఈ ప్రశ్న పెట్టడం ఎలా కుదురుతుందో వాళ్లనే అడగాలి.

(మరో విద్యార్థి: ఆ రికార్డు అబ్బాయి ఏమయ్యాడు మేడమ్?)

ఆ ఏడాది ఒక పరీక్ష తప్పాడు. సప్లిమెంటరీ రాశాడు. ఇప్పటికీ పెద్దగా మాట్లాడడు. పోప్లిటియల్ ఫోసా పేజీ మాత్రం ఖాళీగానే వదిలేశాడు, దానికి సంతకం కూడా పడలేదు.

టైమయింది, రెండింటికి మీకు క్లాసుందట. నేను ఇంకో గంట ఇక్కడే ఈ కుర్చీలో ఉంటాను. మైకు ఆపేయండి.